అడగకుండా పోనిచ్చిన ఆదివారం

ఇంటి నుంచి,
జనవరి 7

అమ్మాయీ,

నీ ఒంట్లో ఎలా ఉంది? బయల్దేరేటప్పుడున్న దగ్గు తగ్గిందా, లేక నాకు రాయడానికి మాత్రమే తగ్గిందా? నీ గదిలో ఉండే నర్సమ్మాయి క్షేమమేనా? రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకునే పిల్ల, ఎండ మొహం చూడక ఎంత పాలిపోయిందో ఏమో. ఆ పిల్లను నేను ఎన్నడూ చూడలేదు, అయినా బెంగే. మీ ఆఫీసులో పెద్దసారు మోకాలు ఎలా ఉంది? వేడినీళ్ల కాపడం పెట్టుకోమను. నేను చెప్పానని మాత్రం అనకు, ఎవరీ ముసలిదని అనుకుంటారు.

ఇక్కడ మీ ఆయన బాగున్నాడు. గ్యారేజీ నుంచి వచ్చేసరికి చొక్కాకు గ్రీజు అంటిందా, గ్రీజుకు చొక్కా అంటిందా తెలియదు. నీ కూతురు బుడంకాయ బాగుంది. బడిలో పాట పాడిందట, ఇంట్లో పాడమంటే మాత్రం తలుపు వెనక్కు పోయి పాడుతోంది. నేనూ బాగున్నాను. నా గురించి రాయడానికేమీ లేదు.

ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు గాలి చప్పుడే వినపడుతుంది, చెవి మిషను పెట్టుకుంటే అది కూత పెడుతుంది. కాబట్టి విసుక్కోకుండా ఉత్తరమే రాయి. ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉంటున్నావని మీ ఆయన నోరు జారాడు. ఎందుకమ్మా? ఎవరైనా ఏమన్నా అన్నారా? పనిలో తప్పేదైనా దొర్లిందా? అందరికీ సెలవైన రోజున నీ ఒక్కదాన్నే కూర్చోబెట్టారంటే నా గుండె దడదడలాడుతోంది. ఉన్నదున్నట్టు రాయి. మీ అత్తయ్య మూడో తరగతితో బడి మానేసిందని గుర్తుపెట్టుకుని రాయి.

అత్తయ్య

*

ఆఫీసు నుంచి,
జనవరి 15

అత్తయ్యా,

నమస్కారం. దగ్గు నిజంగానే తగ్గింది. నర్సమ్మాయికి మీ బెంగ సంగతి చెప్పాను. చూడకుండానే బెంగపడే మనిషి తనకూ ఒకరు ఉంటే బాగుండునంది. పెద్దసారుకు కాపడం సంగతి చెప్పాను, మీ పేరు చెప్పలేదు. "మీ అత్తగారు చెప్పారా?" అని ఆయనే అడిగారు.

నన్నెవరూ ఏమీ అనలేదు. తప్పేమీ దొర్లలేదు. ఊళ్లూళ్లలో మాకు రక్తపరీక్షల ల్యాబులు ఉన్నాయి కదా. వాటి కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాంను వారం వారం మార్చడం నా పని. ఆదివారం మధ్యాహ్నం ల్యాబులు మూసి ఉన్నప్పుడు నేనిక్కడ ఒక్క మీట నొక్కితే, కొత్త ప్రోగ్రాం దానంతటదే ఒక్కో ల్యాబుకూ వెళ్లి కూర్చోవాలి. దొంగలెవరూ మధ్యలో చెయ్యి పెట్టకుండా ఎస్ఎస్‌హెచ్ అని ఒక భద్రమైన దారి ఉంది, దాంట్లోంచి పంపుతాం. పాస్‌వర్డ్ కొట్టకుండా ఆ దారిలో పోవడానికి ఒక తాళంచెవి నా దగ్గర ఉంది. దానికి జోడైన తాళాన్ని ప్రతి ల్యాబు కంప్యూటరులోనూ పెట్టి వచ్చాను. రెండూ కలిస్తే మాటా పలుకూ లేకుండా లోపలికి రానివ్వాలి.

రానివ్వడం లేదు. ప్రతి కంప్యూటరూ పాస్‌వర్డ్ ఏదని అడుగుతోంది, కొట్టేదాకా కదలదు. ఒకదానికి కొడితే తర్వాతది అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పకూడదని రూలు. మధ్యలో వదిలేసి వచ్చానా, సోమవారం పొద్దున ఏదో ఒక ల్యాబులో రిపోర్టులు రావు. అందుకే ఆదివారమంతా దాని ముందు కాపలా. పోలిక చెబితే కోపగించుకోకండి, అచ్చం మీ పద్ధతే. గొంతు గుర్తుపట్టి కూడా, "ఎవరూ?" అని అడిగితే తప్ప మీరు కన్నకొడుకుకు తలుపు తీయరు.

మీ కోడలు

*

ఇంటి నుంచి,
జనవరి 22

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ ఆయన చదివి వినిపించాడు. తలుపు దగ్గరి మాట వచ్చేసరికి పడీ పడీ నవ్వాడు. "నిన్న వానలో నిలబెట్టి మరీ ఎవరూ అన్నావు కదే అమ్మా" అని ఇంకా దెప్పుతున్నాడు. అడిగితే తప్పేముంది? వాడి గొంతుతో ఇంకెవడైనా మాట్లాడితే? లోకం అలా ఉంది. ఈ విషయంలో నేను ఆ కంప్యూటరు పక్షమే.

కానీ నిన్నెందుకు అడగాలి? అదే నాకు మింగుడుపడడం లేదు. తాళంచెవి చేతిలో ఉన్న పిల్లను వాకిట్లో నిలబెట్టడమేమిటి? నీ మీద అనుమానమా? పోనీ ఆ తాళంచెవి తప్పుదేమో, ఇంకెవరిదైనా నీ చేతికిచ్చారేమో చూసుకో. సోమవారం ఏ పసిపిల్ల రక్తం రిపోర్టు కోసమో తల్లి ఎదురుచూస్తుంటుంది, అది ఆగకూడదు. నువ్వు మాత్రం మధ్యలో లేచి ఏమైనా తిను.

కంటి డాక్టరు దగ్గరకు పోయి వచ్చాను. నాకు కాదు, పక్కింటి టైలరమ్మకు తోడుగా. ఆవిడకే ఏదో మసకగా ఉందట. నాకేమీ లేదు.

నువ్వు పోనని ఏడ్చిన రోజున, పో, పిల్లను నేను చూసుకుంటానని చెప్పింది నేనే. అది గుర్తుంచుకో. ఇక్కడి బెంగ నీకొద్దు.

అత్తయ్య

*

హాస్టలు గది నుంచి,
జనవరి 29

అత్తయ్యా,

ఒక మాట సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ ఉత్తరంలో నాలుగో లైను పోయి మూడో లైను మీద కూర్చుంది. చివర్లో సంతకం కాగితం దాటిపోయి సగమే పడింది. నా ఉత్తరాలు ఎప్పుడూ మీరే చదువుకునేవారు, నా అక్షరాలు కోడికాళ్లని తిట్టుకుంటూ మరీ చదివేవారు. ఇప్పుడు చదివి వినిపించడమేమిటి? టైలరమ్మకు కళ్లు మసకంటే నేను నమ్మను. ఆవిడ మసకచీకట్లో కూడా సూదిలో దారం ఎక్కిస్తుంది.

మీ అబ్బాయిని ఫోనులో అడిగాను. "అమ్మ నీకు చెప్పొద్దంది" అన్నారు. "ఏం చెప్పొద్దంది?" అంటే, "కంటి సంగతి చెప్పొద్దంది" అన్నారు. ఆయన రహస్యం దాచే తీరు ఇదీ. మిగతాది మీ నోటితో వినాలి.

ఇక్కడ ఇంకా అడుగుతూనే ఉంది. తాళంచెవి తప్పుదేమో అన్నారుగా, అది సరైనదే, తీసి చూశాను. చేస్తున్న ప్రతి పనీ పైకి చెప్పమని మా కంప్యూటరును ఆదేశించాను. చెప్పింది. తాళంచెవి చూపించాను, అవతలివాళ్లు పుచ్చుకోలేదు, ఇక పాస్‌వర్డ్ అడుగుతున్నాను అంది. ఎందుకు పుచ్చుకోలేదో మాత్రం చెప్పదు. ఆ కారణం అవతల ఉంది.

మీ కోడలు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 3

అమ్మాయీ,

వాడి కడుపులో ఆవగింజ దాగదు. సరే, విను.

నా కుడికన్ను చిన్నప్పుడే పోయిందని నీకు తెలుసు. ఉన్నది ఈ ఎడమదొక్కటే. దీంట్లో శుక్లం ముదిరిందట. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందట, ఆలస్యం చేస్తే ఇంకా గట్టిపడి డాక్టరుకే కష్టమట. చేసే డాక్టరు వేరే చోటి నుంచి సోమవారాలే వస్తాడు. ముందురోజు ఆదివారమే వచ్చి ఆసుపత్రిలో చేరాలి, దగ్గర ఒక తోడు ఉండాలి. "తోడెవరమ్మా?" అని అడిగింది అక్కడి అమ్మాయి. నేను మీ ఆయన వంక చూశాను.

వాడి సంగతి నీకు తెలుసు కదా. లారీ ఇంజను విప్పి నట్టు నట్టూ బయట పెడతాడు, సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ రోజు డాక్టరు నా కంట్లో చుక్కలు వేశాడు, అంతే. వెనక్కు తిరిగి చూద్దును కదా, వీడు బెంచీ మీద పడుకుని ఉన్నాడు. నర్సు నన్ను వదిలేసి వాడికి నీళ్లు తాగించింది. వాడిని తోడు తీసుకుపోతే వాడికి ఇంకో తోడు కావాలి.

అందుకని మా కోడలు వచ్చాక చేయించుకుంటానని చెప్పి వచ్చేశాను. నీకు ఆదివారాలు ఖాళీ ఉండవని తెలుసు, అందుకే రాయలేదు. ఇక్కడికి రమ్మంటే అక్కడ నీ ఉద్యోగానికి ఏమవుతుందో అని భయం. రావద్దంటే ఈ ఉన్న ఒక్క కన్నూ ఏమవుతుందో అని భయం. ఏ వైపు ఒత్తిగిలినా భయమే. ఒకటి మాత్రం చెబుతున్నాను, నువ్వు నా చెయ్యి పట్టుకోకుండా నేను ఆ బల్ల మీద పడుకోను. మొండితనమనుకో, ఏమైనా అనుకో.

దగ్గు మళ్లీ రాలేదు కదా?

అత్తయ్య

*

ఆఫీసు నుంచి,
ఫిబ్రవరి 12

అత్తయ్యా,

మీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. తిన్నగా పెద్దసారు దగ్గరకు పోయి, నాకొక ఆదివారం కావాలన్నాను. "కంప్యూటర్లు అడగడం మానేస్తే అన్ని ఆదివారాలూ నీవేనమ్మా, పద చూద్దాం" అని, ఆ మోకాలితోనే లేచి నాతో దగ్గర్లో ఉన్న ల్యాబుకు వచ్చారు.

అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని, దాని వైపు నుంచి అడిగాం. వెంటనే చెప్పింది. ఈ తాళం పెట్టిన ఫోల్డరులో ఎవరైనా వచ్చి ఏమైనా మార్చవచ్చు, కాబట్టి ఈ తాళాన్ని నేను నమ్మను, పాస్‌వర్డే చెప్పాలి అని. అనుమానం నా మీద కాదు అత్తయ్యా. పదిమంది చేతులు పడే చోట పెట్టిన తాళం మీద.

"అందరికీ తెరిచిపెట్టింది నేనేనమ్మా" అన్నారు పెద్దసారు. షిఫ్టు మారేటప్పుడు ఒకరి ఫైళ్లు ఒకరికి అందక పిల్లలు పోట్లాడుకునేవారట. పోట్లాటలు వద్దని అన్ని ల్యాబుల్లోనూ ఆ ఫోల్డరుకు గడియ తీసేశారట. "మంచికి పోయాను, నీ ఆదివారాలు మింగేశాను" అన్నారు. అలా అనకండి సార్ అన్నాను. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ప్రతి ల్యాబులోనూ అందరి ఫైళ్లూ వేరే చోటికి మార్చి, ఆ ఫోల్డరు మూసేశాం. తిరిగి వచ్చి నా సీటులోంచి పలకరించాను. అడగలేదు! నేరుగా లోపలికి రానిచ్చింది.

ఫిబ్రవరి 23 ఆదివారం మీకు ఆసుపత్రిలో చోటు చెప్పించండి. నేను వస్తున్నాను.

మీ కోడలు

*

ఆఫీసు నుంచి,
ఫిబ్రవరి 17

అత్తయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న ఆదివారం మీట నొక్కాను. కొత్త ప్రోగ్రాం ఒక్క మాట అడక్కుండా అన్ని ల్యాబులకూ చేరింది. చివరగా పాతదాన్ని ఆపి కొత్తదాన్ని నడిపించాలి. అక్కడ ఆగి మళ్లీ అడిగింది. ప్రతి చోటా.

ఇది వేరే పాస్‌వర్డ్. లోపలికి వచ్చినందుకు కాదు, లోపల యజమాని చేయవలసిన పని చేస్తున్నందుకు అడిగేది. ఇన్నాళ్లూ ఒక్కో చోట రెండుసార్లు కొట్టేదాన్ని, రెండూ ఒకటే అనుకున్నాను. మొదటిది పోయాక గానీ రెండోది కనిపించలేదు.

23న రాలేను. వస్తానని చెప్పి, ఇలా చేశాను. నన్ను తిట్టండి.

మీ కోడలు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 20

అమ్మాయీ,

ఉత్తరం అందింది. పరవాలేదు.

సంచీ సర్దుకున్నాను, మళ్లీ విప్పాను. ఆసుపత్రికి మీ ఆయన పోయి చెప్పి వచ్చాడు. నేను బాధపడలేదు. కొంచెం పడ్డాను. నిన్ను తిట్టే పని మాత్రం నా వల్ల కాదు, ఇంకెవరినైనా పెట్టుకో.

పెద్ద అక్షరాలు రాస్తున్నాను, కాగితం చాలడం లేదు. మొన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టాననుకుని గాల్లో పెట్టాను. బుడంకాయ, "నానమ్మా, బల్ల ఇటుంది" అని నా చెయ్యి పట్టుకుని చూపించింది. దాని మొహం ఇప్పుడు నాకు అంచులు లేకుండా కనిపిస్తోంది. నవ్వితే చప్పుడును బట్టి నవ్విందనుకుంటున్నాను.

ఇది నిన్ను తొందరపెట్టడానికి రాయలేదు. ఎవరికైనా చెప్పుకోవాలి కదా.

పెద్దసారుతో గొడవ పెట్టుకోకు. ఆయన ఆ మోకాలితో నీతో వచ్చాడు.

అత్తయ్య

*

హాస్టలు గది నుంచి,
మార్చి 3

అత్తయ్యా,

మీ ఉత్తరం పెద్దసారుకు చూపించాను. క్షమించండి, అడక్కుండా చూపించాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇక కూర్చో, దీని సంగతీ తేలుద్దాం" అన్నారు.

నాకు తొందరలో బుద్ధి పనిచేయలేదు. "లోపల ఇక ఏ పనికీ పాస్‌వర్డ్ అడగొద్దని రాసేద్దాం సార్" అన్నాను. "అన్నీ తెరిచిపెట్టి ఒకసారి చూశాం కదమ్మా, చాలు" అన్నారు. ప్రోగ్రాంను ఆపి నడిపించే ఆ ఒక్క పని, నేను లోపలికి వచ్చే ఆ ఒక్క పేరుకు మాత్రం అడక్కుండా జరగాలని రాశాం. మిగతా అన్నింటికీ అడుగుతుంది, అడగనివ్వండి. రాసినదాన్ని ప్రతి ల్యాబులోనూ ముందే పరీక్షించాం.

నిన్న ఆదివారం. మీట నొక్కాను. చేతులు కీబోర్డు వైపు వాటంతటవే పోతుంటే వాటి మీద కూర్చున్నాను. నర్సమ్మాయి నాకు తోడుగా వచ్చి, "పేషెంటును ఇలా కళ్లార్పకుండా చూస్తే పేషెంటే భయపడుతుంది, బయటికి రా" అని టీకి లాక్కుపోయింది. సగం టీ వదిలేసి పరుగెత్తుకొచ్చాను. తెర మీద ల్యాబుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా అయిందని ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. నేను కొట్టవలసినదేదీ లేదు. ఆ తెర ముందు కూర్చుని ఏడ్చాను.

ఈ పొద్దున అన్ని ల్యాబుల్లోనూ రిపోర్టులు వచ్చాయి. పెద్దసారు సెలవు ఇస్తానన్నారు. కానీ అత్తయ్యా, నాకు భయంగా ఉంది. ఒకసారి మాటిచ్చి తప్పాను. ఇంకొక్క ఆదివారం, తొమ్మిదో తారీఖు కూడా చూడనివ్వండి. అప్పుడు తేదీ రాస్తాను. అంతదాకా ఆసుపత్రిలో ఏమీ చెప్పకండి.

నన్ను ఇంత దూరం పంపి, నా పిల్లకు జడ వేసి, మీ కన్ను సంగతి మీలోనే దాచుకున్నారు. మా అమ్మ ఉన్నా ఇంతకంటే చేసేది కాదు. ఎదురుగా ఉంటే ఈ మాట అనలేను, నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

మీ కోడలు

*

ఇంటి నుంచి,
మార్చి 7

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి చివరి మాటల దగ్గర మీ ఆయన కాగితం కింద పెట్టేశాడు, టైలరమ్మ తీసుకుని చదివింది. ఆవిడా అక్కడే పెట్టేసింది. ఇక నేనే మడిచి దిండు కింద పెట్టుకున్నాను. ఈ ఉత్తరం ఆవిడే రాస్తోంది, మాటలు నావి. తన కళ్లకు మసక అంటగట్టినందుకు నన్ను కడిగేసి, ఆ తర్వాతే కలం పట్టింది.

ముందు నీకు చీవాట్లు. ఇంకో ఆదివారం చూస్తావా? అది కూడా బాగానే పోతే ఆ తర్వాతది చూడాలనిపిస్తుంది. ఆ దారి నాకు తెలుసు, నా జన్మంతా ఆ దారిలోనే నడిచాను. గ్యాసు కట్టానా లేదా అని వీధి చివరి నుంచి ఎన్నిసార్లు వెనక్కు రాలేదు? ఈ ఇంట్లో భయపడడానికి నేనున్నాను, ఆ పని నీకెందుకు? కుదురుగా చేశావు, పరీక్షించావు, జరిగింది. పొద్దున రిపోర్టులు కూడా వచ్చాయి. ఇంకేం కావాలి?

అందుకని నీ మాట వినలేదు. నిన్న మీ ఆయన గ్యారేజీకి పోగానే, టైలరమ్మ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి పోయి తేదీ చెప్పేసి వచ్చాను. అక్కడి అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. "ఈసారైనా తోడు ఉన్నారా అమ్మా?" అంది. కోడలు అన్నాను. "వస్తారా?" అంది. వస్తుంది అన్నాను. వీలైతే అనలేదు, చూడాలి అనలేదు. వస్తుంది అని చెప్పి నోరు మూసుకున్నాను. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను, అది వేరే సంగతి.

పెద్దసారుకు నా నమస్కారం చెప్పు, ఈసారి నా పేరు పెట్టే చెప్పు. ఆయన తెరిచిపెట్టింది మంచికే, మూసింది మంచికే. నర్సమ్మాయిని వీలు చూసుకుని మన ఇంటికి రమ్మను, ఎండలో కూర్చోబెట్టి తల దువ్వుతాను. నీకేం చెప్పాలో నాకు తెలియదు. కొడుకును కని పెంచుకున్నాను, నిన్ను కనలేదు, పెంచలేదు, ఊరికే దొరికావు. అంతకంటే రాయించను, టైలరమ్మ మళ్లీ ముక్కు తుడుచుకుంటోంది.

శనివారం సాయంత్రం బండెక్కు. కిటికీ పక్కన కూర్చోకు, దగ్గు తిరగబెడుతుంది. పొద్దున్నే మీ ఆయన స్టేషనుకు వస్తాడు, మనిద్దరినీ ఆసుపత్రి గుమ్మం దాకా దింపి అక్కడి నుంచే వెళ్లిపోతాడు, లోపలికి రానివ్వను. మధ్యాహ్నం అక్కడ నీ కంప్యూటర్లు వాటి పని అవి చూసుకుంటాయి. నువ్వు నా మంచం పక్కన కూర్చుంటావు. మర్నాడు నా చెయ్యి పట్టుకుంటావు.

మార్చి పదహారు, ఆదివారం.

అత్తయ్య